కూతురి ఊరికి ఇరవై శాతం: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,
కేంద్ర ఆర్థిక మంత్రి, న్యూఢిల్లీ.



మధురైలో పుట్టి, తిరుచ్చిలో చదువుకుని, నరసాపురం కోడలైన మీకు చెన్నై నుంచి తెలుగులో ఉత్తరం రాయడం నాకు సహజంగానే తోచింది. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఇల్లు చింతాద్రిపేటలో, అరుణాచల నాయకన్ వీధికి ఆనుకుని ఉన్న ఒక సందులో. పొద్దున్నే మే డే పార్కులో నాలుగు చుట్లు తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంటాను. ఎవరొచ్చినా కాగితాలు నింపిపెడతాను. లైఫ్ సర్టిఫికెట్లు, పీఎఫ్ క్లెయిములు, నామినేషన్ మార్పులు, ఇవే ఎక్కువ. ఈ ఐదారేళ్లుగా మాత్రం ఇంకో రకం కాగితాలు వస్తున్నాయి. పిల్లలున్న దేశంలో మిగతా కాలం గడుపుదామనుకునే పెద్దవాళ్లు తెచ్చే రిటైర్‌మెంట్ వీసా కాగితాలు. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందు ఒక ఇంటి లెక్క చెబుతాను. పేర్లు వద్దు, లెక్క చాలు.

మా వీధి చివర ఒక దంపతులున్నారు. ఆయనకు 71, ఆవిడకు 66. ఆయన మౌంట్ రోడ్డు పక్కన ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరి, ఆఫ్‌సెట్ వచ్చాక మెషిన్ మీదకు మారి, అక్కడే రిటైరయ్యారు. ఈపీఎస్ పింఛను నెలకు 2,400 రూపాయలు. పీఎఫ్, గ్రాట్యుటీ, ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిన వాటా, అన్నీ కలిపి 20 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశారు. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. ఇంకో నాలుగు లక్షలు ఆసుపత్రి ఖర్చుకని విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి. ఉన్న రెండు గదుల ఇల్లు సొంతం. ఎవరి దగ్గరా చేయి చాపరు. మా పేటలో అలాంటి ఇంటిని 'బాగా ఉన్న ఇల్లు' అనే అంటాం.

ఒక్కతే కూతురు. బ్యాంకాక్‌లో ఉద్యోగం, అక్కడే కాపురం. రెండేళ్ల మనవరాలు ఫోన్లో 'తాతా' అంటుంది, ఇంకా తొడ మీదకు ఎక్కలేదు. టూరిస్టులుగా వెళ్లి వారాలు లెక్కపెట్టుకుని తిరిగి రావడం ఈ వయసులో వాళ్లకు చేతకాదు. పోనీ కూతురి మీద ఆధారపడినవాళ్లుగా వెళ్లమంటే ఆయన ఒప్పుకోరు. "దాని ఉద్యోగం పోతే మా కాగితం కూడా పోతుంది గదండీ. దాని నెత్తిన ఇంకో బరువెందుకు? మా డబ్బు చూపించి మేమే ఉంటాం" అన్నారు. ఆ మాటలో ఉన్న పౌరుషం నాకు నచ్చింది. అందుకే ఆ ఫైలు పట్టుకుని కూర్చున్నాను.

థాయ్‌లాండ్ అడిగేది దాచుకునేదేమీ కాదు. యాభై నిండినవాళ్లు బ్యాంకులో 8 లక్షల బాట్‌లు చూపాలి, లేదా నెలకు 65,000 బాట్‌ల రాబడి చూపాలి, లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలకు సరిపోవాలి. బాట్ మన రెండున్నర రూపాయల పైన ఉంది కాబట్టి డిపాజిట్ కనీసం 21 లక్షల రూపాయలనుకుందాం. నెల రాబడి దారిలో వెళ్లాలంటే కనీసం 1,70,000 కావాలి. మా పెద్దాయనకు వడ్డీ, పింఛను కలిపి ఏడాదికి వచ్చేది 1,92,800. ఆయన ఏడాదంతా బతికే డబ్బుకు దగ్గర దగ్గరగా ఆ దేశం నెల రాబడిగా అడుగుతోంది. కాబట్టి ఆ దారి లేదు. మిగిలింది డిపాజిట్ దారి.

అక్కడ ఒక చిన్న వెసులుబాటుంది. మన దేశం నుంచే అప్లై చేసే మొదటి ఏడాది వీసాకు మన బ్యాంకులో ఉన్న డబ్బుకు కాగితం చూపిస్తే చాలు. దానికి తోడు 30 లక్షల బాట్‌ల ఆరోగ్య బీమా, పోలీసు సర్టిఫికెట్, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. డెబ్బై దాటినవాళ్లకు ఆ బీమా ఇచ్చే కంపెనీ దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం చూసి గుండె జారుతుంది. సరే, అది దాటారనుకుందాం. అక్కడికి వెళ్లాక ఏడాదికేడాది పొడిగించుకునేటప్పుడు మాత్రం డబ్బు థాయ్ బ్యాంకులోనే ఉండాలి. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి, పొడిగింపు వచ్చాక మూడు నెలలు కదలకూడదు, ఆ తర్వాత కూడా 4 లక్షల బాట్‌లకు తగ్గకూడదు. 2019 నుంచి ఇదే పద్ధతి. ఖాతా ఒక్కరి పేరు మీదే ఉండాలి. మూడు నెలలకోసారి ఎక్కడుంటున్నారో అధికారులకు తెలియజేయాలి.

థాయ్‌లాండ్‌ను నేను తప్పు పట్టను. ముసలితనంలో వచ్చినవాళ్లు ఆసుపత్రి బిల్లు కట్టలేక తమ ప్రజల నెత్తిన పడతారేమోనని ఏ దేశానికైనా భయం ఉంటుంది. తన గుమ్మం ఎత్తు తాను పెట్టుకుంటుంది. నా బాధ వేరే. ఈ 20 లక్షలు ఇక్కడున్నంతకాలం ఆ ఇంటికి అన్నం పెడుతున్నాయి. అక్కడి సేవింగ్స్ ఖాతాలోకి మారిన మర్నాటి నుంచి మూడు నెలల 41,000 ఆగిపోతుంది. అంటే వీసా కోసం చూపిన డబ్బు చూపడానికే పనికొస్తుంది, తినడానికి వేరే డబ్బు కావాలి. ఈ సంగతి ఏ వీసా ఏజెంటూ వాళ్లకు చెప్పలేదు. అరుగు మీద కాగితం పెట్టి నేను లెక్కేసి చూపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మా, ఇక మీ ఇలాకాలోకి వస్తాను.

ఉదారీకృత చెల్లింపుల పథకం కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. మా పెద్దాయనకు ఆ హద్దుతో పేచీ లేదు, అందులో పదో వంతు దగ్గరే ఆగిపోతారు. పేచీ టీసీఎస్‌తో, అంటే డబ్బు బయటికి పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే మొత్తంతో. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి చెల్లింపుల మీద 5 శాతం కాస్తా 20 శాతమైంది. అప్పుడు 7 లక్షల దాకా మినహాయింపు ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి దాన్ని మీరు 10 లక్షలు చేశారు. దానికి ఈ వీధిలో చాలామంది తరఫున కృతజ్ఞతలు. అయినా 21 లక్షలు ఒకేసారి పంపితే 11 లక్షల మీద 2,20,000 కట్టాలి. 21 లక్షల డిపాజిట్‌కు చేతిలో 23 లక్షల 20 వేలు ఉండాలన్నమాట. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుంది? ఆసుపత్రికని దాచిన నాలుగు లక్షల్లోంచి.

అది పన్ను కాదు, తిరిగి వస్తుంది గదా అని మీ అధికారులు అంటారు. నిజమే, వస్తుంది. ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న. ఏప్రిల్లో పంపినవాళ్లు మరుసటి ఏడాది రిటర్ను వేసి, అది ప్రాసెస్ అయ్యి, డబ్బు ఖాతాలో పడేసరికి ఏడాది పైమాటే. ఉద్యోగస్తులకు మీరు 2024లో ఒక మేలు చేశారు. వాళ్లు కట్టిన టీసీఎస్‌ను జీతంలో కోసే పన్నులో సర్దుకోవచ్చన్నారు. నెలకు 2,400 పింఛను వచ్చేవాళ్లకు కోసే పన్నే లేదు, ఇక సర్దుకునేదేముంది? పన్ను కట్టేంత రాబడి ఉన్నవాళ్లకు వెంటనే ఊరట దొరికింది. పన్ను పరిధిలోకే రాని ముసలివాళ్లు ఏడాది ఆగాలి. 71 ఏళ్ల మనిషికి ఆ ఏడాది చాలా పెద్దది.

2026 బడ్జెట్‌లో విదేశీ టూర్ ప్యాకేజీల మీద టీసీఎస్‌ను, ఎంత మొత్తమైనా సరే, 2 శాతానికి దించారు. చదువుకూ వైద్యానికీ పంపే డబ్బు మీద కూడా 5 నుంచి 2కి దించారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను కాగితం, పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాను, మూడో మాట వస్తుందేమోనని. రాలేదు. బ్యాంకాక్ చూసి రావడానికి వెళ్లేవాళ్లకు 2 శాతం. బ్యాంకాక్‌లో కూతురి దగ్గర ఉండిపోవడానికి వెళ్లేవాళ్ల డిపాజిట్, డబ్బు బయటికి పంపేటప్పుడు నింపే ఏ2 ఫారంలో 'విదేశీ బ్యాంకులో ఖాతా తెరవడం' అనే గడిలో పడుతుంది, కాబట్టి 20 శాతం. ఇది ఎవరూ కావాలని చేసింది కాదని నాకు తెలుసు. ఆ గడి విదేశాల్లో పెట్టుబడులు పెట్టే సంపన్నుల కోసం పెట్టినదనుకుంటాను. వీసా కోసం డబ్బు చూపే పెద్దవాళ్లు వేరే గడి లేక అందులోకి వచ్చి పడ్డారు.

ఉపాయాలు నాకు తెలియకపోలేదు. మార్చి నెలాఖరున పది లక్షలు, ఏప్రిల్ మొదటివారంలో పది లక్షలు పంపితే రెండు ఆర్థిక సంవత్సరాలకు విడిపోతుంది. మా అరుగు మీదికి వచ్చినవాళ్లకు ఇన్నాళ్లూ అదే చెబుతున్నాను, అది చట్టబద్ధమే. అయితే ఆ తేదీల వెసులుబాటు తెలిసినవాళ్లకు ఒక రేటు, తెలియనివాళ్లకు ఒక రేటు ఉండటం నాకు మింగుడుపడదు. నేను కౌంటరు అవతల కూర్చున్న రోజుల్లో ఎంతమంది ఏ తేదీ తెలియక నష్టపోయారో చూశాను.

టీసీఎస్ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే ముడి ఇంకొకటుంది. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నియమాల ప్రకారం, ఈ ఉదారీకృత చెల్లింపుల పథకం కింద పంపి వాడకుండా, తిరిగి పెట్టుబడి పెట్టకుండా ఉన్న డబ్బును 180 రోజుల్లో వెనక్కి తెచ్చేయాలి. వీసా డబ్బు లక్షణమే వాడకుండా పడి ఉండటం. అక్కడి చట్టం కదపొద్దంటుంది, ఇక్కడి నియమం ఉంచొద్దంటుంది. అక్కడే స్థిరపడితే మన విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం నాన్‌రెసిడెంట్ అవుతారు, అప్పుడీ నియమం అంటదని ఒక మాట ఉంది. ఏడాదికేడాది పొడిగించుకునే వీసా మీద వెళ్లినవాళ్లు ఏ రోజు నుంచి నాన్‌రెసిడెంట్? విమానం ఎక్కిన రోజు నుంచా, మొదటి పొడిగింపు వచ్చిన రోజు నుంచా? మా పెద్దాయన కోసం మూడు బ్యాంకుల కౌంటర్లలో అడిగాను. మూడు జవాబులు వచ్చాయి. ఒక కుర్రవాడు "అంకుల్, ఎవరూ పట్టించుకోరు లెండి" అన్నాడు. జీవితమంతా నియమం తప్పకుండా బతికినవాళ్లను ఎవరూ పట్టించుకోరన్న ధైర్యంతో విమానం ఎక్కించలేను.

భార్యల సంగతి కూడా చెప్పాలి. భర్త డిపాజిట్ మీద భార్య ఆధారపడిన మనిషిగా ఉండవచ్చు. వేరే డబ్బు చూపక్కర్లేదు, అందరూ అలాగే వెళ్తున్నారు. ఆయన పోతే ఆవిడ అక్కడ ఉండే ఆధారం కూడా ఆయనతోనే పోతుంది. ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే గనక ఆ 8 లక్షల బాట్‌లు కోర్టు వారసత్వం తేల్చేదాకా చేతికి రావు. ఆవిడ తన పేరు మీద మళ్లీ అంత డబ్బు చూపాలి, అదీ దినాలు గడవకుండానే. మన బ్యాంకుల్లో 'ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు' అని ఒక గీత గీస్తే సరిపోయే పని. ఆ గీత అక్కడ చెల్లదు. కాబట్టి నా దగ్గరికి వచ్చే ప్రతి జంటకూ చెబుతున్నాను: కొంత సొమ్ము, కొంత బంగారం ఆవిడ పేరున ఇక్కడే ఉంచండి, తిరుగు టికెట్టుకే కాదు, మళ్లీ నిలబడటానికి.

మలేసియా కథ ఇంకా భారం. పెరాక్‌లో బాగాన్ దాతో చుట్టుపక్కల తోటల్లోకి మన శ్రీకాకుళం, విశాఖ మనుషులు వెళ్లి తరాలైంది. 1955లోనే సంఘం పెట్టుకుని అక్కడ తెలుగు నిలబెట్టుకున్నారు. మా పేటలో ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌కు అక్కడ తమ్ముడి కుటుంబం ఉంది. భర్త పోయాక వాళ్ల దగ్గరికి వెళ్దామనుకున్నారు. 'మలేసియా మై సెకండ్ హోమ్' అని 2002 నుంచి ఉన్న పథకంలో యాభై దాటినవాళ్లకు ఒకప్పుడు లక్షా యాభై వేల రింగిట్ల డిపాజిట్ సరిపోయేది. 2021లో దాన్ని పది లక్షల రింగిట్లు చేసి, నెలకు 40,000 రింగిట్ల రాబడి అడిగారు. 2024లో మళ్లీ మార్చి, ప్రత్యేక ఆర్థిక మండలాలను పక్కన పెడితే అన్నిటికన్నా కింది మెట్టుకే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్ పెట్టి, ఆరు లక్షల రింగిట్లకు తగ్గని ఇల్లు కొనమన్నారు. డాలరు 85 రూపాయలనుకున్నా డిపాజిట్టే కోటీ 27 లక్షల పైన. ఒకే ఏడాదిలో పంపితే దాని మీద టీసీఎస్ 23 లక్షల 50 వేలు. ఆవిడ ఫైలు మూసి నాకే తిరిగి ఇచ్చేశారు. న్యూజిలాండ్‌లో తల్లిదండ్రుల రిటైర్‌మెంట్ వీసాకు పది లక్షల న్యూజిలాండ్ డాలర్ల పెట్టుబడి, దాని పైన బతకడానికి ఇంకో ఐదు లక్షలు చూపాలని చెబితే మా వీధిలో ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే మారిషస్ మాత్రం 2020లో రిటైరైనవాళ్లు నెలకు 1,500 డాలర్లు తెచ్చుకుంటే చాలంది. ఒక పెద్ద పింఛనుదారుడి చేతికి అప్పట్లో అందిన మాట అదొక్కటే.

ఈ పేట ఎలా పుట్టిందో మీకు తెలిసే ఉంటుంది. 1734లో గవర్నర్ మోర్టన్ పిట్ హయాంలో, అంతకుముందు ఈస్టిండియా కంపెనీకి పెద్ద వర్తకుడిగా ఉన్న సుంకురాముడి తోటను తీసుకుని, నేతగాళ్ల కోసం ఈ ఊరు కట్టారు. చిన్న తరి పేట్టై, అంటే చిన్న మగ్గాల పేట. వడికేవాళ్లను, నేసేవాళ్లను, అద్దేవాళ్లను, ఉతికేవాళ్లను స్థలమిచ్చి రమ్మన్నారు. కూవం నది ఒంపులో ఈ వీధులన్నీ అలా నిండినవే. పని చేసే చేతుల్ని అప్పుడూ పిలిచారు, ఇప్పుడూ పిలుస్తున్నారు. మా పెద్దాయన కూతురిని బ్యాంకాక్ పిలిచిందీ అందుకే. ఆ చేతుల్ని పెంచినవాళ్లు వెనకాల వస్తామంటే డిపాజిట్ అడుగుతారు.

మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో మా నాన్న పాస్‌బుక్కు ఉంది, రంగూన్‌ది. మా తాత భీమునిపట్నం నుంచి ఓడెక్కి వెళ్లి బియ్యం మిల్లులో పనిచేశాడు. నాన్న చిన్న కాఫీ హోటలు పెట్టాడు. 1963లో అక్కడి బ్యాంకులన్నీ జాతీయమయ్యాయి, 1964 మార్చిలో దుకాణాలు పోయాయి, మేలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. ఆ ఏడాదే ఓడలో మద్రాసు రేవులో దిగాడు. దిగినప్పుడు చేతిలో ఉన్నవి ఆ పాస్‌బుక్కూ, ఒక ఇత్తడి డికాషన్ గిన్నే. పాస్‌బుక్కులో ఉన్న డబ్బు ఎన్నటికీ రాలేదు. ఆయన బతికున్నంతకాలం పరాయి దేశపు బ్యాంకు అంటే పెదవి బిగించేవాడు. పరాయి దేశపు బ్యాంకులో ఉన్నదంతా పెట్టమని ఒక ముసలి జంటకు సలహా ఇచ్చే ప్రతిసారీ నాకు ఆ పెదవులే గుర్తొస్తాయి. థాయ్‌లాండ్ బర్మా కాదు, కాలమూ మారింది. భయం మాత్రం లెక్కల్లోకి రాకుండా పోదు.

అందుకే నా మొదటి విన్నపం మన బ్యాంకుల గురించి. 1937 ఫిబ్రవరి 10న ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును ఒకే రోజున మద్రాసులో, కారైక్కుడిలో, రంగూన్‌లో తెరిచారు. మన మనుషులు ఎక్కడికి వెళ్తే బ్యాంకు అక్కడికి వెళ్లాలన్నది ఆయన ఆలోచన. ఇప్పుడది మీ ప్రభుత్వానిదే. బ్యాంకాక్‌లో దానికి శాఖ ఉంది. కౌలాలంపూర్‌లో బ్యాంక్ ఆఫ్ బరోడా, ఐఓబీ, మన పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు కలిసి పెట్టిన బ్యాంకు 2012లో తలుపులు తెరిచింది. వీసా డిపాజిట్‌ను అలాంటి మన శాఖల్లోనే పెట్టుకునే ఏర్పాటు, ఒకవేళ మనిషి పోతే ఇక్కడి నామినీకి త్వరగా అందే ఏర్పాటు, ఆ దేశాలతో మాట్లాడి చేయించండి. ఇంకో అడుగు ముందుకేసి, సీనియర్ సిటిజన్ల పథకంలో ఉన్న డబ్బును అక్కడే తాకట్టు ముద్ర వేసి ఉంచితే దాన్నే పూచీగా ఒప్పుకోమని అడగండి. మొదటి ఏడాదికి థాయ్‌లాండ్ మన బ్యాంకు కాగితాన్ని ఒప్పుకుంటూనే ఉంది. రెండో ఏడాదికీ ఒప్పుకుంటే ఆ మూడు నెలల 41,000 ఆగిపోదు. ఇది చర్చలతో ఏళ్లు పట్టే పని అని నాకు తెలుసు.

ఏళ్లు పట్టని పనులు రెండున్నాయి. అరవై దాటినవాళ్లు వీసా షరతు కోసం పంపే డిపాజిట్‌కు ఏ2 ఫారంలో ఒక గడి పెట్టించి, దాన్ని చదువు, వైద్యం, టూర్ల సరసన 2 శాతంలోకి చేర్చండి. దుర్వినియోగం అవుతుందని అనుమానముంటే వీసా దరఖాస్తు నకలు జతచేయమనండి, ఆ దేశం అడిగిన మొత్తం దాటకూడదనండి. రెండోది, ఆ డబ్బు 180 రోజుల నియమంలోకి రాదని రిజర్వు బ్యాంకు చేత ఒక్క పేరా స్పష్టత ఇప్పించండి. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న కుర్రవాడు ఆ పేరా చూపించి ధైర్యంగా జవాబు చెప్పగలగాలి. మూడు చోట్ల ఒకే జవాబు రావాలి.

మా పెద్దాయన సీనియర్ సిటిజన్ల ఖాతాకు ఈ సెప్టెంబరుతో రెండేళ్లు నిండుతాయి. ఆ తర్వాత మూస్తే అసలులోంచి ఒక శాతం కోత పడుతుంది, అంతకుముందే మూస్తే ఇంకా ఎక్కువ పడుతుంది, అందుకని అప్పటిదాకా ఆగమన్నాను. ఆ రోజున ఆ 20 లక్షల్ని అక్కడే ఉంచాలా, బ్యాంకాక్‌కు పంపాలా అన్నది తేల్చుకోవాలి. ఆవిడ నిన్న మళ్లీ వచ్చారు. ఫైలు ఒళ్లో పెట్టుకుని, "ఏమండీ, ఢిల్లీ నుంచి ఏమన్నా వస్తుందంటారా, ఫారం నింపేయమంటారా?" అని అడిగారు. ఫారం పెన్సిల్‌తో నింపి ఉంచాను. సెప్టెంబరు దాకా నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
చింతాద్రిపేట, చెన్నై.